బొటనవేలిలో ఇనుప ముక్క

చూలై పేటలో మా లేత్ షాపుకు ఒక పద్ధతుంది. చేతిలో ఇనుప పొట్టు దిగితే ఎవరూ ఆస్పత్రికి పోరు. సేఫ్టీ పిన్నుతో కెలికి తీసేసి, పైన ఒక చుక్క మెషిన్ ఆయిల్ రాసి మళ్లీ పనిలో పడతాం. మా నాన్న అలాగే చేశాడు, ముప్పై ఏళ్లుగా నేనూ అంతే. అందుకే ఆ సోమవారం కుడిచేతి బొటనవేలిలో సన్నటి ముక్క దిగినప్పుడు లెక్కే చేయలేదు. శుక్రవారం నాకు ఆపరేషన్.

ఆ ఆపరేషన్ ఏమిటో నోటితో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. కాగితం మీదైతే ఫరవాలేదు. నలభై అయిదు దాటేసరికి షుగర్ నా మగతనాన్ని తినేసింది. మాత్రలు పనిచేయలేదు. ఆరేళ్ల కిందట అంగం లోపల ఒక పరికరం పెట్టించుకున్నాను. లోపల రెండు గొట్టాలు, కింద వృషణాల సంచిలో చిన్న పంపు, పొత్తికడుపులో నీళ్ల తిత్తి. పంపు నొక్కితే నీళ్లు గొట్టాల్లోకి ఎక్కుతాయి. బంధువులకు హెర్నియా అని చెప్పాం. యంత్రాలతో బతికేవాణ్ణి కదా, దానితో తొందరగానే చనువు కుదిరింది. పోయిన ఏడాది ఎంత నొక్కినా ఏమీ ఎక్కలేదు. ఎక్కడో లీకు. పాతది మొత్తం తీసి కొత్తది పెట్టాలన్నాడు డాక్టరు. బంధువులకు మళ్లీ హెర్నియా అనే చెప్పాం. రెండో పక్కది.

“మొదటిసారి కన్నా రెండోసారికి భయం ఎక్కువ” అని డాక్టరు తమిళంలో నిదానంగా చెప్పాడు. పాత పరికరం మీద క్రిములు పాచిలా పట్టుకుని, నొప్పీ జ్వరమూ లేకుండా ఏళ్ల తరబడి ఊరుకోవచ్చట. కత్తి పెట్టాక అవి లేచినా లేవచ్చు. షుగర్ ఉన్నవాడికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే లోపలంతా మందునీళ్లతో కడిగిగానీ కొత్తది పెట్టరు. “అయినా క్రిమి చేరిందంటే కొత్తదీ తీసేయాల్సి రావచ్చు. ఆ తర్వాత లోపల కండ గట్టిపడుతుంది. ఇంకోటి పెట్టడం కష్టం” అన్నాడు. ఇదే నాకు ఆఖరి అవకాశమని అర్థమైంది. షుగర్ ఎక్కువుందని అప్పటికే ఒకసారి వాయిదా వేశాడు. మూడు నెలలు నోరు కట్టుకుని, పొద్దున్నే నడిచి, దాన్ని దించుకొచ్చాను. ఒంటి మీద ఎక్కడైనా పుండుగానీ గడ్డగానీ ఉంటే ముందే చెప్పమన్నాడు.

బుధవారానికి వేలు ఉబ్బింది. గురువారం గోరు పక్కన పచ్చగా చీము కనిపించింది. వేలెక్కడ, అదెక్కడ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మెడికల్ షాపులో ఏవో మాత్రలు అడిగి తెచ్చి, నా భార్య చూడకుండా మింగాను. గంటగంటకూ జ్వరం చూసుకున్నాను. ఆస్పత్రి వాళ్లిచ్చిన మందు సబ్బుతో ఒళ్లంతా రుద్దుకున్నాను, వేలికి రెండుసార్లు రుద్దాను. మళ్లీ వాయిదా అంటే తట్టుకునే ఓపిక నాకు లేదు. మనిషి అంత తెలివితక్కువగా ఉండగలడని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

శుక్రవారం పొద్దున నర్సు అడిగింది, ఒంటి మీద పుండ్లేమైనా ఉన్నాయా అని. లేవన్నాను. బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాను. సెలైన్ సూదికి ఎడమ చెయ్యి చాపాను.

థియేటర్ పక్క గదిలో నన్ను పడుకోబెట్టారు. అద్దంలోంచి డాక్టరు చేతులు కడుక్కోవడం కనిపిస్తోంది. గోళ్లు, వేళ్ల సందులు, మణికట్టు, మోచేతి దాకా. అయిపోయిందనుకుంటే మళ్లీ గోళ్ల దగ్గర మొదలుపెట్టాడు. నా కోసం ఒక మనిషి అంత ఓపికగా చేతులు తోముకుంటుంటే, నేను చీము పట్టిన వేలు దాచుకుని పడుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నర్సును పిలిచి పిడికిలి విప్పాను.

డాక్టరు వచ్చి వేలు చూశాడు. కోప్పడలేదు, అదే ఇంకా బాధగా అనిపించింది. “ముందు ఇది మానాలి. మూడు వారాల తర్వాత చూద్దాం” అన్నాడు. అక్కడే గోరు పక్కన చిన్న గాటు పెట్టి చీము తీసి కట్టు కట్టారు.

బయట నా భార్య ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. రెండు గంటలు పడుతుందన్న మనిషి అరగంటకే నడిచి వస్తుంటే లేచి నిలబడింది.

“ఏమయ్యా, ఏమైంది?”

కట్టు చూపించాను. సోమవారం ఇనుప ముక్క దిగిందనీ, చెప్పకుండా దాచాననీ చెప్పి తిట్ల కోసం తల వంచుకున్నాను. ఆమె తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“నేను బుధవారమే చూసినా” అంది. “నువ్వు అన్నం కలపతా ఉంటే ఆ వేలు మడిచి పెట్టుకోనుంటివి. నీ చొక్కా జేబులో మాత్రలు కూడా చూసినా.”

“మరి నన్నెందుకు అడగలేదు?”

అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని నిశ్చయించుకున్నాక గొంతు తగ్గించింది.

“అడిగితే మళ్లీ వాయిదా అంటారని గమ్మునుండినా. నీకొక్కడికేనా కావాల్సింది?”

ఆరేళ్లలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.