పదకొండు రూపాయల బయానా

భూపాలపల్లిలో మా జిరాక్స్ షాపు బల్ల మీద ఒక చిన్న డబ్బా ఉంటుంది. ఎవరైనా ఫోన్‌తో డబ్బులు పంపితే ఎంత వచ్చిందో ఆడగొంతుతో చెబుతుంది. రోజంతా మోగే ఆ గొంతును పట్టించుకోవడం నేను ఎప్పుడో మానేశాను. మొన్న ఒక అమ్మాయి సర్టిఫికెట్ల నకళ్ళు తీసుకుని డబ్బులు కొట్టి వెళ్తుంటే, డబ్బా "పదకొండు రూపాయలు" అంది. నా చేతిలోని కాగితాల కట్ట జారి నేల మీద పరుచుకుంది. ఏళ్ళు గడిచినా ఆ అంకె వింటే నా ఒళ్ళు అలాగే ఉలిక్కిపడుతుంది.

అదే వారం ఒక రిటైర్డ్ టీచరమ్మ మా షాపుకు ఫిర్యాదు కాగితం టైపు చేయించుకోవడానికి వచ్చారు. ఇంట్లో వాడకుండా పడి ఉన్న ల్యాప్‌టాప్‌ను ఆన్‌లైన్‌లో అమ్మబోయి, అమ్మడం మాట అటుంచి, ఖాతాలో ఉన్నది కూడా పోగొట్టుకున్నారు. ఆమె చెబుతున్న ఒక్కొక్క మాటా నేను ముందే విన్నట్టుంది. ఆమె ఆగినచోట తరువాత ఏం జరిగిందో నేనే చెప్పాను. ఆమె నావైపు భయంగా చూశారు. అప్పుడు నేను ఒకప్పుడు పనిచేసిన ఫోటో స్టూడియో యజమాని ఖలీల్ చిచ్చా సంగతి మొత్తం చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "గిది రాసి పెట్టు బిడ్డా. నాకు ముందుగాల ఎవలన్న చెప్తే గిట్ల కాకపోవు" అన్నారు. అందుకే రాస్తున్నాను.

నాది జనగామ దగ్గర లింగాల ఘనపూర్. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది కానీ చదవడం ఆగలేదు. జనగామ గ్రంథాలయంలో పత్రికల బల్ల దగ్గర నాకొక కుర్చీ ఉండేది. అక్కడి లక్ష్మీనర్సయ్య సార్ నేను అడగకపోయినా కొత్త పుస్తకాలు పక్కన పెట్టేవారు. వైద్యం, చట్టం, కథలు, వ్యవసాయం, ఏది దొరికితే అది చదివాను. కాలేజీ మెట్లు ఎక్కకపోయినా కాలేజీవాళ్ళకు తెలియనివి నాకు కొన్ని తెలుసునన్న గర్వం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ గర్వంతోనే మహబూబాబాద్‌లో ఖలీల్ చిచ్చా ఫోటో స్టూడియోకు ఉద్యోగం అడగడానికి వెళ్ళాను.

గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, ఇస్త్రీ నలగని చొక్కా, పక్క వీధికి వినిపించే గొంతు. ఏమొచ్చని అడిగారు. చదువుతానని చెప్పాను. ఆయన ఒక పెళ్ళి గుంపు ఫోటో నా ముందు పడేశారు.

"అయితే గిది సదువు. ఇందుల అలిగినోళ్ళెవరు?"

ముప్పై మంది పైగా ఉన్నారు, అందరూ నవ్వుతున్నారు. చాలాసేపు చూసి, పెళ్ళికూతురు వెనక నిలబడ్డ ఒక పెద్దమనిషిని చూపించాను. ఆయన నవ్వుతున్నాడు కానీ భుజాన కండువా లేదు; పక్కవాళ్ళందరికీ కొత్త కండువాలున్నాయి. చిచ్చా పడీ పడీ నవ్వారు. ఆయన పెళ్ళికూతురి మేనమామ అట, కండువా ఇవ్వడం మరిచారని భోజనం కూడా చేయకుండా పోయాడట. మరునాటి నుంచి పనిలోకి రమ్మన్నారు. మనిషి నవ్వును కాదు, నవ్వు చుట్టూ ఉన్నదాన్ని చూడాలని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆయనకు కోపం ఎక్కువ. ఫోటోకు నిలబడ్డ పెళ్ళివారిని "కోర్టు వాయిదాకు వచ్చినట్టు నిలబడ్డరేంది, జర నవ్వుర్రి" అని కసిరేవారు. తన పనితనం గురించి తానే పొగుడుకునేవారు. కానీ బయానా విషయానికి వస్తే వేరే మనిషి. మాటముచ్చట కుదిరినప్పుడు చేతిలో పెట్టే ఆ కొద్ది పైకం ఆయనకు ప్రాణంతో సమానం. ఒక ముహూర్తానికి కురవి దగ్గరి రైతు ఒకాయన ముందుగా బయానా ఇచ్చి వెళ్ళాడు. తరువాత అదే ముహూర్తానికి పట్టణంలో పేరున్న నాయకుడి ఇంటివాళ్ళు కారులో వచ్చి, రెట్టింపు ఇస్తాం, రైతుకు ఇంకొకరిని పంపమన్నారు. చిచ్చా వాళ్ళకు చాయ్ పోయించి, పంపించేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. అది చూసి ఆయన అన్న మాట ఇది: "బయానా అంటే పైస కాదు బిడ్డా. నోట్లకెల్లి ఎల్లిపోయిన మాట. దాన్ని మల్ల నోట్లెకు తీసుకోరాదు."

కొన్నాళ్ళకు ఆయన తీసిన వీడియోల్లో ముఖాలు మసకగా రావడం మొదలైంది. తప్పు కెమెరాది అనుకున్నాం. హైదరాబాద్ డాక్టరు చూసి, షుగరు కంటి లోపలి పొరను తినేస్తోందని, త్వరగా ఆపరేషన్ చేయకపోతే ఉన్న కొద్ది చూపూ దక్కదని చెప్పాడు. చుట్టాలూ పాత గిరాకీలూ ఇచ్చింది చిచ్చా బ్యాంకు ఖాతాలో పోగైంది. అది చాలలేదు. మిగిలింది పెద్ద వీడియో కెమెరా, దాని లెన్సులు. ఆయన అవస్థ తెలిసిన తోటి స్టూడియోల వాళ్ళు పాత ఇనుము ధర చెప్పారు. ఆన్‌లైన్‌లో పెడదామని నేనే అన్నాను. మాలో ఎవరమూ అంతవరకూ అలా ఏదీ అమ్మలేదు. చిచ్చాకు తెర మీది అక్షరాలు కనబడవు కాబట్టి ఆయన ఫోను నేనే చూసేదాన్ని. చదవడానికి వీలుగా దాన్ని తెలుగులోకి మార్చాను. పిన్ కూడా నాకే తెలుసు.

ప్రకటన పెట్టి టీ తాగేలోపే ఒకతను ఫోన్ చేశాడు. అతని నంబరు పక్కన కనిపించిన బొమ్మలో సైనికుడి దుస్తులున్నాయి. హిందీ కలిసిన పుస్తకాల తెలుగు మాట్లాడాడు. తాను సైన్యంలో ఉన్నానని, కెమెరా తమ వాళ్ళకు కావాలని, తీసుకెళ్ళడానికి మనిషిని పంపుతానని చెప్పాడు. మేం పెట్టిన ధరకు సరేనన్నాడు. నాకు అనుమానం వచ్చింది. మహబూబాబాద్‌లో వంకాయలు కొనేవాళ్ళు కూడా ఒక మాట తగ్గించి అడుగుతారు. అంత ఖరీదైన వస్తువును చూడకుండా, తడమకుండా, బేరమాడకుండా కొనేవాడెవడు? అదే మాట చిచ్చాతో అన్నాను. "మర్యాదస్తుడు బిడ్డా, ఫౌజీ మనిషి" అన్నారాయన. అంతలో ఫోన్‌కు బయానా వచ్చింది. పదకొండు రూపాయలు. చిచ్చా మురిసిపోయారు. శుభమని పదకొండు పంపాడు, పద్ధతి తెలిసినవాడు అన్నారు.

మరునాడు గూడూరు నుంచి యాకన్న వచ్చాడు. పెళ్ళిళ్ళకు వీడియోలు తీయడం కొత్తగా మొదలుపెట్టాడు. మా ప్రకటన చూసి బస్సెక్కాడు. కెమెరాను భుజాన పెట్టుకుని బజారంతా తీశాడు, లెన్సును వెలుతురుకు పట్టి చూశాడు, రెండు గీతలు కనిపెట్టి ధర తగ్గించమన్నాడు. కొనేవాడంటే అలా ఉంటాడు. చివరికి చెప్పిన ధర న్యాయమైనదే. బ్యాంకుకు పోయి నగదు కడతానన్నాడు.

చిచ్చా తల అడ్డంగా ఊపారు. బయానా అయిపోయిందన్నారు.

"ఎంతిచ్చిండు చిచ్చా?"

"పదకొండు రూపాయలు."

యాకన్న నవ్వాపుకోలేకపోయాడు. "మేకపిల్లను గూడ గంత అగ్గువకు కట్టెయ్యరు గదా చిచ్చా."

చిచ్చా నవ్వలేదు. యాకన్న తన మేనత్త ఇల్లు ఊళ్ళోనే ఉందని, సాయంత్రం దాకా అక్కడే ఉంటానని, నా దగ్గర నంబరు రాయించి వెళ్ళాడు. కన్ను నిలబెట్టే డబ్బు మెట్లు దిగి పోతుంటే నేను నిలబడి చూశాను.

గంట తిరక్కుండా సైనికుడినన్న మనిషి మళ్ళీ ఫోన్ చేశాడు. మిగతా డబ్బు పంపుతున్నానని, తమది సైన్యం ఖాతా కాబట్టి పద్ధతి వేరని, తాను పంపిన గళ్ళ బొమ్మను స్కాన్ చేసి పిన్ కొడితే మొత్తం మాకు చేరుతుందని చెప్పాడు. చిచ్చా వినాలని స్పీకరు పెట్టాను. బొమ్మ తెరుచుకుంది. కెమెరా ధర అంకెల్లో కనిపించింది. నా బొటనవేలు పిన్ మొదటి అంకె మీదికి పోయింది. అంత చదివిన నేను, గ్రంథాలయంలో సరిగ్గా ఇలాంటి మోసం గురించి పత్రికలో వచ్చింది రెండుసార్లు చదివిన నేను, వేలు పెట్టాను. చదివింది తలలో ఉంది. వేలికి ఇంకా చేరలేదు.

పిన్ గళ్ళ పైన, ధర పక్కన "చెల్లించండి" అని ఉంది. మాకు రావలసిన డబ్బుకు మేం చెల్లించడమేమిటి? అప్పుడు పత్రికలోని వాక్యం గుర్తొచ్చింది: డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే కావాలి. వేలు తీసేశాను. ఆ ఖాతాలో ఉన్నది చిచ్చా కన్ను.

పిన్ కొట్టనని చెప్పాను. మిగతాది కూడా బయానా పంపినట్టే పంపమన్నాను. అతని గొంతు మారింది. బయానా తీసుకుని మాట తప్పుతారా, ఫౌజీని మోసం చేస్తారా, కేసు పెడతానన్నాడు. అది చిచ్చాకు సూటిగా తగిలింది. ముఖం నల్లబడింది.

"కొట్టు బిడ్డా. నా మాట పోగొట్టకు."

ఆయన మాట నేను అంతకు ముందెప్పుడూ కాదనలేదు. ఫోన్ కట్ చేసి గుప్పిట్లో పట్టుకున్నాను.

"మాట పోతే పోనీ చిచ్చా. కన్ను పోవద్దు."

ఆయన లేచి నిలబడ్డారు, కొడతారేమో అనిపించింది. నాకు తెలిసిందంతా గబగబా చెప్పాను: పిన్ సంగతి, దొంగలు వేసే దుస్తుల సంగతి, తొందరపెట్టడం, చూడకుండా కొనడం. నమ్మకపోతే చూడమని, అతనికి వీడియో కాల్ చేశాను. కట్ చేశాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్ చేశాడు. చిచ్చా మెల్లగా కూర్చున్నారు. "ముఖం జూపనోడు ఎందుకు కొంటడు" అని తనలో తాను అనుకున్నారు.

యాకన్నకు ఫోన్ చేస్తానన్నాను. అసలు దిగ్భ్రాంతి అప్పుడు కలిగింది. వద్దన్నారాయన. వాడు దొంగే అయినా బయానా మన దగ్గర ఉన్నంత సేపు కెమెరా వాడిదేనన్నారు. వాపస్ చేయకుండా ఇంకొకరికి అమ్మనన్నారు. లోపలి నుంచి వచ్చిన చిచ్చా భార్య రజియా చాచీ నెత్తి కొట్టుకుంది. వాడి ఖాతాకు పదకొండు రూపాయలు తిరిగి పంపబోయాను. పోలేదు, ఆ ఖాతా అప్పటికే మూసేశాడు. దొంగకు మేం దొరికింది ఆశ వల్ల కాదని నాకు అప్పుడు అర్థమైంది. మంచితనాన్ని పట్టుకుని కట్టేశాడు. ఇలాంటి మోసం ఒకటి ఉంటుందని నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

చిచ్చా తానే మాట్లాడతానన్నారు. వేరే నంబరు నుంచి చేశాను. ఎత్తాడు.

"బిడ్డా, నీ పదకొండు రూపాయలు నా దగ్గరున్నయ్. ఎక్కడ ఇయ్యాలె చెప్పు. అవి ఉంటే నేన్ కెమెరా అమ్మరాదు. కండ్లు పోతున్నయ్, ఆపరేషన్ ఉంది."

పెట్టేశాడేమోనని తెర చూశాను, పెట్టలేదు. తరువాత ఒక గొంతు వచ్చింది. సైనికుడి గొంతు కాదు. హిందీ లేదు, పుస్తకాల తెలుగు లేదు.

"ఉంచుకో చిచ్చా. గా కెమెరా నువ్వే అమ్ముకో పో."

నేను చిచ్చా అని పిలవడం స్పీకరులో విని ఉంటాడు. కానీ ఆ పిలుపులోని విరుపు, ఆ "గా", ఆ "పో", మా ఘనపూర్ బస్టాండులో వినేవే. దొంగ ఎక్కడో దూరాన, తెలియని భాషలో ఉంటాడని నేను చదివాను. వీడు మా పక్క బెంచీ మీద కూర్చుని బడికి పోయిన మనిషిలా ఉన్నాడు.

"ఏ ఊరు బిడ్డా నీది?" అన్నారు చిచ్చా. ఫోన్ ఆగిపోయింది.

ఆయన ఇంకోసారి ఫోన్‌కు చెవి ఆనించారు. తరువాత, "ఆడే ఇడిసిండు. యాకన్నను రమ్మను" అన్నారు.

యాకన్న వచ్చాడు. ముగ్గురం బ్యాంకుకు వెళ్ళాం. అతను నగదు కట్టాడు. ఫోన్‌కు వచ్చిన సందేశాన్ని నమ్మకుండా, ఖాతాలో పడిందని కౌంటరులో అడిగి తెలుసుకున్నాకే కెమెరా అతని భుజానికి ఎక్కింది. ఆ వారమే ఆపరేషన్ అయింది. ఒక కన్ను నిలిచింది. ఆ కంటితో చిచ్చా మరి కొన్నేళ్ళు బతికారు, పెళ్ళివారిని కసురుతూనే. తెలియని నంబరు నుంచి ఎవరు చేసినా, లోను ఇస్తామన్నా, లాటరీ తగిలిందన్నా, ముందు "ఏ ఊరు బిడ్డా" అని అడిగేవారు. ఎందుకో మేం అడగలేదు. ఆ గొంతు కోసమని మా అందరికీ తెలుసు.

ఆయన వల్ల నాలో రెండు మిగిలాయి. మా షాపులో ఏది అమ్మినా మనిషి ఎదురుగా వచ్చి, వస్తువును చేత్తో పట్టి చూడాలి. ఫోన్‌లో బయానా తీసుకోను. నన్ను తొందరపెట్టేవాడికి ఏదీ అమ్మను. అది మొదటిది. రెండోదాన్ని ఏం చేయాలో నాకు తెలియదు. మోసపు ఫోన్ వస్తే వెంటనే పెట్టేయాలని అందరికీ చెబుతాను, కానీ నేను మాత్రం పెట్టేసే ముందు ఒక్క క్షణం గొంతు వింటాను.

పిన్ సంగతి రాసిన పత్రికను నా ముందు పెట్టిన లక్ష్మీనర్సయ్య సార్‌కు, పరాచికమాడినా సాయంత్రం దాకా ఆగిన గూడూరు యాకన్నకు, ఆపరేషన్ అయ్యేదాకా నన్ను తన ఇంట్లోనే ఉంచుకుని అన్నం పెట్టిన రజియా చాచీకి, తన నష్టాన్ని దాచుకోకుండా చెప్పి ఇది రాయించిన సుగుణ టీచరమ్మకు నా కృతజ్ఞతలు. ఖలీల్ చిచ్చాకు చెప్పడం లేదు. ఇంటివాళ్ళకు ఎవరన్నా షుక్రియా చెబుతారా అని ఆయన కసురుతారు.