రెండు ఆవర్తనాలూ, పైన అయిదూ

ఆ రోజుల్లో నాకు భయం వేయని చోటు ఆఫీసొక్కటే. బ్యాంకులో సిస్టమ్ కుప్పకూలినా కంగారుపడనిదాన్ని, శనివారం వస్తే ఆఫీసుకి వెళ్ళడానికి సాకు వెతుక్కునేదాన్ని. కారణం, సెరంగూన్‌లో చెల్లో వాయించే ఆంటీ ఫ్లాట్‌లో సాధన చేసే మా నలుగురి బృందం. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా ఒకటి, కాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే చెల్లో ఒకటి. బతికున్న స్వరకర్తలు రాసిన పాశ్చాత్య సంగీతం తప్ప మరేదీ వాయించకూడదని మా నియమం (వినేవాళ్ళు పదిమందికి మించకపోవడానికి అదే కారణమని ఎవరూ పైకి అనేవారు కాదు). నేను కూర్చునే రెండో వయొలిన్ కుర్చీలోంచి అప్పటికే ఇద్దరు వెళ్ళిపోయారు. రాబోయే కచేరీలో తప్పు వాయిస్తే నన్నూ పంపేస్తామని మొదటి వయొలిన్ పెద్దాయన, అంటే నేను మనసులో హెడ్మాస్టారని పిలుచుకునే ఆయన, ముందే చెప్పేశారు.

నేను విజయవాడలో చాప మీద కూర్చుని కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని. దేశం దాటి ఉద్యోగానికొచ్చాక జురాంగ్ వెస్ట్‌లో నాతో ఉండే ఒంగోలు అక్క నా సాధన అరగంట ఓపిగ్గా విని, "శ్రుతి చేసుకోవడం అయిందా అమ్మాయ్? మొదలుపెట్టేప్పుడు చెప్పు, వచ్చి కూచుంటా" అంది. అయినా నా భయం వాయించడం గురించి కాదు, వాయించకపోవడం గురించి. కచేరీలో మేం వాయించాల్సిన రచన మధ్యలో ఇరవై ఒక్క లెక్కల నిశ్శబ్దం ఉంది. అది కాగానే నలుగురం ఒక్కసారిగా అందుకోవాలి. కాలితో తాళం వేయకూడదని హెడ్మాస్టారి ఆజ్ఞ. "డోంట్ వర్రీ లా, జస్ట్ కౌంట్" అంది, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించే చెల్లో ఆంటీ. ఎనిమిది లెక్కల ఆదితాళం రెండు ఆవర్తనాలు, పైన అయిదు అనుకుని, ఒళ్ళో వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాలని నిశ్చయించుకున్నాను.

కచేరీ రోజు ఆ నిశ్శబ్దంలో పదకొండో లెక్క దాకా బాగానే వెళ్ళాను. ముందు వరసలో ఒకావిడ చాక్లెట్ కాగితం విప్పడం మొదలుపెట్టింది. ఆవిడకి మొహమాటం కాబట్టి మెల్లగా విప్పింది. అది పూర్తయ్యేసరికి నా లెక్క ఎక్కడుందో నాకు తెలియలేదు. వేళ్ళు మాత్రం వాటి పాటికి అవి మడుచుకుంటున్నాయి. తల తిప్పితే ముగ్గురూ నన్నే చూస్తున్నారు. అయిపోయింది, నా కుర్చీ పోయింది అనుకున్నాను. కమాను తీగల మీద పెట్టానో లేదో చెయ్యి వణికి స్వరం పలికింది. అదే క్షణంలో ముగ్గురూ అందుకున్నారు.

"మేం ముగ్గురం లెక్క తప్పాం, నీ వేళ్ళు చూసి బయటపడ్డాం" అన్నారు హెడ్మాస్టారు తెర వెనక. నా కుర్చీ నాకు ఉండిపోయింది. నిజం చెప్పడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

మొన్న చెల్లో ఆంటీ వేళ్ళ నొప్పులతో వాయించడం మానేసింది. వీడ్కోలు భోజనంలో చెప్పేశాను, ఆ రోజు నేను లెక్కపెట్టలేదని, ఊరికే వణికానని. "ఐ నో లా" అని నా చెయ్యి నొక్కింది.

ఇప్పుడు ఒక్క లెక్క కూడా తప్పను. అయితే మేం నలుగురం అంత బాగా కలిసింది ఆ ఒక్కసారే.