పేరు పలకని పిలుపు

ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో ఓబులేసు గొంతు ఎరగనివాళ్లు తక్కువ. ఆయన చదివింది పులివెందుల పక్క పల్లెలో ఐదో తరగతి వరకే. అయితేనేం! బ్రహ్మంగారిమఠం ఆరాధన జనంలో తప్పిపోయిన పిల్లల్ని మైకులో పిలిచి తల్లుల చంకకెక్కించిన గొంతు అది. గండికోట ఉత్సవాల్లో శాలువా కప్పించుకున్న గొంతు. ఆ గొంతు కోసమే పట్టుచీరల షోరూము వాళ్లు ఇంటికొచ్చి మరీ ఆయన్ను మైకులో కొనేవాళ్లను పిలిచే పనిలో పెట్టుకున్నారు.

పొద్దున షట్టరు లేవగానే, ముందురోజు అమ్మకంలో వెనకబడిన వాళ్ల పేర్లు మైకులో చదవడం కూడా ఆయన పనే. శ్రావణం మొదలైనప్పటినుంచీ ఒకే పేరు వస్తోంది. జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చే జీవిత. ఆ పిల్ల క్యారియరు మూత తీయడం మానేసింది. మడిచిన చీరనే విప్పి మళ్లీ మడుస్తోంది. ఓబులేసు చూశాడు గానీ, పెళ్లిళ్ల రద్దీలే అనుకున్నాడు.

ఆ రోజూ ఖంగుమనేలా పేరు చదివాడు. కాసేపటికి పక్క కౌంటరు ఖదీజా పరుగున వచ్చింది.

"పెద్దనాయనా, జీవిత యాడా కనపడ్లేదు. నీళ్లు తాగొస్తానని పోయింది. సెల్లు ఈడనే పెట్టింది. ఊపిరాడ్తాలేదక్కా, ఇంగ నా వల్ల కాదని పొద్దున బస్సులోనే అనింది."

ఓబులేసు చూపు మెట్ల మీదికి పోయింది. మిద్దె మీది తలుపుకు గడియ లేదు! ఖదీజాను అటు పరుగెత్తించాడు.

"నిలబడి చూస్తాండావేందప్పా? పేరు పెట్టి మైకులో పిలువు!" అని కసురుకున్నాడు మేనేజరు ఉదయ్‌కిరణ్.

మైకు నోటిదాకా తెచ్చి, "జీ" అనబోయి ఆగిపోయాడు ఓబులేసు. ఈ మైకులో ఆ పేరు వినపడితే పిల్ల దగ్గరికొస్తుందా, ఇంకా దూరం పోతుందా? చివరికి మఠంలో పిలిచినట్టే పిలిచాడు.

"అమ్మలారా, అయ్యలారా! ఒక ముసలాయన తప్పిపోయినాడు. పేరు ఓబులేసు. తెల్ల చొక్కా, బట్టతల. నోరు శానా పెద్దది, బుద్ధి తక్కువ. మైకు కాడ ఏడుస్తాండాడు. ఆయప్ప తాలూకు పిల్ల యాడున్నా వచ్చి తీస్కపోవాల!"

కొనేవాళ్లు పకపకా నవ్వారు. ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచాడు. మిద్దె దిగిన ఖదీజా అడ్డంగా తలూపింది. ఇంకోసారి పిలిచేసరికి ఆయన గొంతు నిజంగానే జీరబోయింది.

మెట్ల కింద గోడౌను తలుపు కిర్రుమంది. జుట్టునిండా దుమ్ముతో జీవిత వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది ఆ చేయి.

"బట్టతల అని గుడా చెప్పాల్నా పెద్దనాయనా?" అని, వెంటనే వెక్కివెక్కి ఏడ్చింది. "గుండె ఇంగా దడదడ కొట్టుకుంటానే ఉంది."

"ఆస్పత్రిలో మనసు డాక్టరమ్మ ఉండాది. పోదాం పా. నేనూ వస్తా."

"మరి రేపు పేర్లు ఎవరు చదవాలప్పా?" అన్నాడు ఉదయ్‌కిరణ్.

ఓబులేసు మైకు ఆయన చేతిలో పెట్టాడు. "నువ్వే చదువు సామీ. మొదట నా పేరు చదువు."

వీధిలో ఆటో ఎక్కినా జీవిత చేయి చల్లగానే ఉంది. ఓబులేసు వదల్లేదు.