కుడితిలో పోసిన అట్లపిండి

మంచి మొగుడు రావాలని ఆడపిల్లలు పట్టే నోము అట్లతద్ది. మంచి స్నేహితురాలు దొరకాలని మాత్రం ఎవరూ ఏ నోమూ పట్టరు. దొరికితే దొరికింది, లేకపోతే లేదు. ఈ ఏర్పాటు ఎవరు చేశారోగాని, వాళ్ళను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రాజోలు దగ్గర మా ఊళ్ళో నేనూ నా స్నేహితురాలూ ఏటా కలిసే ఆ నోము పట్టేవాళ్ళం. తెల్లారకుండా లేచి, గోంగూర పచ్చడితో చద్దన్నం తిని, ఒకే ఉయ్యాల మీద ఎదురెదురుగా నిలబడి ఊగేవాళ్ళం. మా మేనబావే నాకు మొగుడు కావాలని నాకంటే గట్టిగా అదే మొక్కేది. అలాగే జరిగింది. ఆయనంటే నాకు పిచ్చి ప్రేమ. ఆయనకీ నేనంటే అంతే. దాని మొగుడు మాత్రం పెళ్ళయిన మరుసటేడే జ్వరమొచ్చి పోయాడు. అది పుట్టింటికొచ్చి వెనకగదిలో ఉండిపోయింది.

నేను నోము తీర్చుకునే ఏడు వచ్చింది. ముత్తైదువలను పిలిచి అట్లు వాయనమివ్వాలి. మొదటి వాయనం నా స్నేహితురాలికే ఇస్తానన్నాను. మా ఆయన మొహం మాడిపోయింది.

"విధవరాలికి వాయనమేంటే? ఇది నా ఆయుష్షు కోసం చేసే నోము. నేనంటే ప్రేమే ఉంటే ఆ పిల్లని పిలవకు."

"దాని చెయ్యి తగిలితే పోయే ఆయుష్షా బావా మీది?" అన్నాను.

ఆయన అరవలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. దాంతో నాకు ఇంకా మండింది.

నోము నాటి పొద్దున్నే కాలవగట్టు వెంట నడిచి దాని దగ్గరికి వెళ్ళాను. పెరట్లో కూచుని చీపురు కోసం కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. ఆయనన్నదీ చెప్పి, అయినా రమ్మన్నాను.

"నీకేవైనా మతిపోయిందేంటే? నన్ను ఎవరేవన్నా పడతాను. రేపు మీ ఆయనకి తలనొప్పొచ్చినా నిన్నంటారు. అది నేను పడలేను. వెళ్ళిపోవే," అని లోపలికెళ్ళి తలుపేసేసుకుంది.

ఇద్దరూ చెప్పింది ఒకటే, పిలవొద్దని. ఆయన తన ప్రాణం కోసం చెప్పారు. అది నాకోసం చెప్పింది. ప్రేమ గొప్పదా స్నేహం గొప్పదా అని తీరిగ్గా వాదించుకునేవాళ్ళను చూస్తే నాకు చిరాకు.

ఇంటికొచ్చి, రుబ్బి ఉంచిన పిండంతా తీసుకెళ్ళి గేదెల కుడితిలో పోశాను. సాయంత్రం పట్టుచీరలు కట్టుకుని వచ్చిన ముత్తైదువలకు గుమ్మంలోనే చెప్పేశాను.

"నోము లేదండీ. ఏవనుకోకండి, వెళ్ళిరండి."

"ఆయ్, అలాగేనండీ," అంటూనే గుసగుసలాడుకుంటూ వెళ్ళారు. మా ఆయన నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు.

ఆ నోము తీరనేలేదు. నా స్నేహితురాలు ఆ వెనకగదిలోనే పోయింది. ఆయన నిక్షేపంగా ఉన్నారు. ఆయనకి అట్లంటే మహా ఇష్టం, ఇప్పటికీ అడుగుతుంటారు. నేను వెయ్యను.