మా మామ రేకు అక్షరాలు

మా మామ పోయిన సోమవారం వెళ్లిపోయారు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానన్నారు. మళ్లీ లేవలేదు. చూడవచ్చిన హమాలీ ఒకాయన నా తల మీద చెయ్యి పెట్టి, "ఎవ్వలతోని చేయించుకోకుంట పోయిండు బిడ్డా, ఏడ్వకు" అన్నాడు. ఏడవకుండా ఎట్లా ఉంటాను? ఈ ఇంటికి కోడలిగా వచ్చిననాటి నుంచి నాతో రోజూ కొట్లాడింది ఆయనొక్కరే.

ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు కొమ్ముల సంచుల మీద కనిపించే లావుపాటి నల్లటి అక్షరాలు చాలావరకు ఆయన చేతివే. రేకు మీద మేకుతో అక్షరం గీసి, ఉలితో కోసేవారు. ఆ రేకును సంచికి ఆనించి రంగు అద్దితే ఊరి పేరు, షావుకారు పేరు పడేవి. 'ర' లాంటి గుండ్రటి అక్షరాన్ని చుట్టూతా కోసేస్తే నడుమ రేకు ఊడిపోతుంది. అది నిలవడానికి ఒకటి రెండు చోట్ల సన్నగా కొయ్యకుండా వదిలేవారు. దాన్ని ఆయన పట్టు అనేవారు. సంచి మీద అక్కడ అక్షరం కాస్త తెగినట్టు కనిపించేది.

నేను ఇదే ఊళ్లో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక, ఆ అక్షరాలన్నిటినీ కంప్యూటర్లో ఫాంటుగా దాచుకోవాలనుకున్నాను. మొదటి ప్రింటు మురిసిపోతూ చూపించాను. తెగిన చోట్లు బాగాలేవని ముందే పూడ్చేశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, నా 'ర'ను రేకు మీద దించి కోశారు. నడుమ ముక్క ఠంగుమని నా కాళ్ల దగ్గర పడింది.

"కంప్యూటర్ల రేకెక్కడున్నది మామా!" అన్నాను ఉడుక్కుని.

"రేకు లేకుంటే నా అక్షరమెందుకు మరి? జర సక్కగున్నది ఇంకోటి తెచ్చుకో."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు పట్టులన్నీ మళ్లీ పెట్టాను. ఫ్లెక్సీ మీద వేసి చూస్తే, నిజం చెప్పొద్దూ, ఆ సందుల వల్లే అంత లావు అక్షరమూ తేలిగ్గా కనిపించింది. ఆయనకు చూపిస్తే, "గిప్పుడు నాది" అన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.

ఇక సంచుల మీద ఎన్నడూ అవసరపడని అక్షరాలు మిగిలాయి. నా కోసమే వాటిని ఒక్కోటీ కోసిచ్చారు. చివరికి 'ఝ' ఒక్కటి ఆగింది. "ఇన్నేండ్లల దీన్ని ఎవ్వలు అడగలే, నువ్వే అడిగినవ్" అని నవ్వారు. అది కొయ్యకుండానే పోయారు. వేరే అక్షరాల ముక్కలు అతికించి 'ఝ' చేసుకోవచ్చు. నాకు మనసొప్పలేదు. ఫాంటు అక్కడే ఆగిపోయిందనుకున్నాను.

నిన్న ఆయన పని పీట కింద ఒక రేకు దొరికింది. 'ఝ' గీసి ఉంది. ఆయన పట్టులు ఎప్పుడూ గడ్డిపోచంత సన్నం. దీని మీద మాత్రం రెండింతలు వెడల్పుగా గీశారు. సన్నటి పట్టును కొత్త చెయ్యి తెగ్గొడుతుందని ఆయనకు తెలుసు. ఆ రేకు నా కోసం గీసి పెట్టారు.

అది అర్థమయ్యాక ఉలి తీసుకుని వాకిట్లోకి వచ్చాను. అంచులు వంకరపోయాయి, వేలు తెగింది. అయినా కోసి పైకెత్తితే నడుమ ముక్క ఊడలేదు. ఖాళీ సంచి మీద ఆనించి రంగు అద్ది, రేకు తీశాను. గోనె మీద నల్లటి 'ఝ', ఇంకా తడిగా.