ఫారంలో లేని మూడో ఖానా

1983 ఎండాకాలం. మహారాష్ట్రలో కిన్వట్ అవతల ఒక సున్నపురాయి ఖదాన్. ఒక వైపు తవ్వకం అయిపోయింది, రెండో వైపు ఇంకా నడుస్తోంది. రాయి కోసం తవ్వేటప్పుడు పైనున్న మట్టీ, పనికిరాని రాళ్లూ తీసి పక్కన పోస్తారు. మా అటవీశాఖ ఉద్యోగంలో దాన్ని ఓవర్‌బర్డెన్ అంటారు. ఊరివాళ్లు దిబ్బ అంటారు, వాళ్ల మాటే నయం. ఆ దిబ్బను చదును చేసి ముందటి వానాకాలంలో టేకు నాటారు. ఎన్ని బతికాయో లెక్కపెట్టి రాయడం, అంటే సర్వైవల్ కౌంట్, నా పని.

సగం మొక్కలు బతికుంటే తోట నిలుస్తుంది. లేకపోతే రెండో వైపు మట్టి మళ్లీ అక్కడే పోసుకోవచ్చు. నా చేతిలో కాగితానికి అంత బలముంది. ఉందని నాకు తెలుసు కూడా, అదే నా రోగం.

తోట కాపలా లచ్చవ్వది. సొంత భూమి లేని మనిషి. దిబ్బ కింద పడిపోయిన నేల ఒకప్పుడు వాళ్ల వాడ మేకలు మేసిన నేల. తోట నిలిస్తే గడ్డీ, ఎండుపుల్లలూ వాడవాళ్లవే అని మా పెద్దసారు చెప్పిన మాట పట్టుకుని, వాగు నుంచి బిందెలతో నీళ్లు మోసి పోసింది. చుట్టకుదురు పెట్టే చోట ఆమె జుట్టు పలచబడి నెత్తి కనిపించేది.

నేను పోయేసరికి టేకుకు ఒక్క ఆకు లేదు. ఎండలకు టేకు ఆకు రాలుస్తుంది, ఆమాత్రం నాకు తెలుసు. అందుకే గోటితో బెరడు గోకి చూస్తాం. లోపల పచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమరంగు తేలితే చచ్చినట్టు. ఎండ మాడు పగలగొడుతోంది, బండి అందుకోవాలి. నడుము వంచకుండా కొసల దగ్గరే గోకుతూ పోయాను. అన్నీ గోధుమరంగే.

"సారూ, మీద కాదు. మన్ను జరిపి మొదట్ల గోకు. మీదికెల్లి ఎండుతది, కింద పానముంటది," అంది లచ్చవ్వ.

"టైం లేదవ్వా. బండి పోతది."

"సచ్చిపోలే సారూ. పండుకున్నయి."

నాకు నవ్వొచ్చింది. మరాఠీ ఫారం చూపించాను. "గీడ రెండే ఖానాలున్నయి. జివంత్, మృత్. పండుకున్నదానికి ఖానా లేదు."

"గది రాసినోడు ఎండకాలం అడివి మొఖం సూశిండా?"

మాట తగిలింది. ఆ కోపంలో మిగిలిన వరుసలు ఇంకా తొందరగా ముగించాను. మృత్ ఖానా నిండిపోయింది.

"ఏం రాసినవ్ సారూ?"

"ఉన్నది రాసిన," అన్నాను.

వానలు పడ్డాక వేరే పనిమీద అటు పోయాను. దూరం నుంచే టిప్పర్ల చప్పుడు వినిపించింది. దిబ్బ ముప్పాతిక వంతు కొత్త రాళ్ల కింద ఉంది. ఇంకా పోయని అంచున రెండు వరుసలు మిగిలాయి. ప్రతి ఎండుపుల్ల పక్కనా, మొదట్లోంచి కొత్త మొలక, చేటంత ఆకులతో. లేత టేకు పైన ఎండిపోయి, వానకు వేరు నుంచి మళ్లీ లేస్తుంది. డై-బ్యాక్ అంటారు. ట్రైనింగ్‌లో చెప్పారు, పరీక్షలో రాశాను, మంచి మార్కులే వచ్చాయి.

కాపలా పని పోయినా లచ్చవ్వ అక్కడే ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"లేసినయి సారూ," అంది. "ఇప్పుడు రాస్కో."

నా దగ్గర ఫారం లేదు. మర్నాడు ఆఫీసులో తప్పు నాదేనని రాసిచ్చాను. ఆర్డరు అయిపోయిందన్నారు. వారం తిరక్కుండానే ఆ రెండు వరుసలూ పోయాయి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి ఫారంలోనూ పెన్సిల్‌తో మూడో గీత గీసి, పైన 'పండుకున్నయి' అని తెలుగులో రాసుకున్నాను. మా మరాఠీ ఆఫీసులో అదేమిటో ఎవరూ అడగలేదు. మోకాళ్ల మీద కూర్చుని మన్ను తీసి చూడందే ఏ మొక్కనూ చచ్చిందని రాయలేదు. నాకు పని వచ్చింది. లచ్చవ్వకు మాత్రం అది ఎందుకూ పనికిరాలేదు.