బాపు వంకర వేళ్లు

నా కూతురు బేస్‌బాల్ గ్లౌజుకు కొబ్బరినూనె రాస్తోంది. ఆ తోలు వాసనకు మా నాన్న, బాపు ఆడిన వాలీబాల్ గుర్తొచ్చింది.

బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన కుడిచేతి వేళ్లు వంకరగా ఉండేవి. బాయిలో బండ పడి విరిగాయని చిన్నప్పుడు నాకు నేనే అనుకున్నాను. కొండగట్టుకు పోయినప్పుడు, అవ్వనడిగి తీసుకున్న కొబ్బరికాయను ఎర్రగుడ్డలో చుట్టి, అంజన్నకు ముడుపు కట్టాను. బాపు చూడనే చూశాడు.

"ఏం మొక్కినవ్ బిడ్డా?"

"నీ వేళ్లు సక్కగ గావాలని."

బాపు పకపకా నవ్వాడు. "గివి బాయిల ఇరగలే. బాల్ ఆపుకుంట ఇరిగినయ్. గా ఆట జూసే నాకు నౌకరీ ఇచ్చిండ్రు. ముడుపు ఉండనీ గని, వేళ్ల జోలికి రావద్దని అంజన్నకు చెప్పు."

నేను మళ్లీ కళ్లు మూసుకుని ఆ మాట చెప్పాను.

పిలిచిన ప్రతి ఊరికీ పోయి ఆడిన బాపు పేరు ఏ పేపర్లోనూ రాలేదు. ఆ ఆట ఆయన వేళ్ల మీదే మిగిలింది.

నా కూతురు బాల్ తగిలి వాచిన వేలు చూపించింది. "వంకరపోతదా అమ్మా?"

పసుపు పట్టు వేస్తూ అన్నాను: "పోతే మీ తాత చెయ్యైతది."

అది ఆ వేలిని వెలుతురుకు పెట్టి, ఆశగా చూసుకుంది.